సున్నా వచ్చేదాకా

డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన ఊదు మాస్టారు. గేటు దాటగానే ఎడమచేతి వైపు, టైర్ల షెడ్డుకు ఆనుకుని ఒక ఇరుకు గది ఉంటుంది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఇనపచువ్వల కిటికీ, బల్ల మీద అరచేతిలో ఇమిడే మిషను. డ్యూటీ ఎక్కే ప్రతి డ్రైవరూ ఆ కిటికీ ముందు నిలబడి మిషనుకున్న గొట్టంలో ఊదాలి. సున్నా వస్తే కార్డు మీద ముద్ర పడుతుంది, బస్సు తాళం చేతికొస్తుంది. సున్నా కాకపోతే గది బయట సిమెంటు బెంచీ మీద కూర్చోవాలి. ఆ బెంచీ మీద ఉన్నవాడి మొహం చూడకుండా వెళ్లిపోవడం డిపోలో మర్యాద.

ఊదినవాళ్లు చెప్పిన సాకులన్నీ రాసిపెట్టి ఉంటే ఈపాటికి లావుపాటి పుస్తకం అయ్యేది. దగ్గుమందు తాగానంటాడొకడు. బాగా మగ్గిన పండు తిన్నానంటాడింకొకడు. పళ్ల డాక్టరు పుక్కిలించమని ఏదో ఇచ్చాడంటాడు, నోట్లో నాలుగు పళ్లు కూడా లేనివాడు. ఒకడైతే మరీ తెగించి, "మా బావమరిది తాగొచ్చి పక్కన పడుకున్నాడు మాస్టారూ, వాడి ఊపిరి తగిలింది" అన్నాడు. ఏ సాకుతో మొదలుపెట్టినా అందరూ వచ్చి చేరేది ఒకే మాట దగ్గరికి. "నేను బాగానే ఉన్నాను మాస్టారూ. కావాలంటే చూడండి, గీత మీద నడిచి చూపిస్తాను."

"నువ్వు బాగానే ఉన్నావు నాయనా, మిషనుకే ఒంట్లో బాగాలేదు. పోయి కూచో," అనేవాడు మాస్టారు, తల ఎత్తకుండా.

తొమ్మిదేళ్ల కిందటిదాకా ఆయనా డ్రైవరే. చూపు మందగించాక స్టీరింగు తీసేసుకుని ఈ గొట్టం చేతికిచ్చారు. ఇచ్చేటప్పుడు ఒక నియమం కూడా చెప్పారు. ఊదించేవాడు ముందు తాను ఊదాలి. అందుకని రిజిస్టరులో ఏ రోజు చూసినా మొదటి గీత ఆయనదే, దాని ఎదురుగా సున్నా. ఆ తరవాతే మిగతా రెండు వందల మంది. ఇంతమంది ఊపిరి గుట్టు తెలిసిన మనిషితో కలిసి టీ తాగాలని ఎవరికి ఉంటుంది చెప్పండి? క్యాంటీనులో ఆయన కూర్చున్న బల్లకు మిగతా మూడు కుర్చీలూ ఎప్పుడూ ఖాళీయే.

అయితే ఆయన తాగడా అంటే, తాగుతాడు. అది చెప్పడానికే ఇంత మొదలుపెట్టాను.

మాస్టారికి ఒక్కతే కూతురు. చిన్నప్పటి నుంచి నత్తి. "న"తో మొదలయ్యే మాట వస్తే చాలు, గొంతులో వెలక్కాయ పడ్డట్టయ్యేది. కళ్లు గట్టిగా మూసుకుని, గడ్డం వణుకుతుండగా, ఆ ఒక్క అక్షరాన్నీ పట్టుకుని లాగేది. తల్లి కంగారుపడి మాట అందించేది. బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. తండ్రి మాత్రం ఆగేవాడు. ఆ ఆగడం ఆయనకు ఉద్యోగంలో అబ్బింది. ముసలమ్మలు మూటలతో బస్సెక్కి సర్దుకునేదాకా గేరు వెయ్యకుండా కూర్చోవడం అలవాటైన మనిషి. "తొందరేం లేదమ్మా. నీ మాట ఎక్కేదాకా బస్సు కదలదు," అనేవాడు. వేసవి సెలవుల్లో పిల్లను తన సీటు వెనకే కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా కనిపించిన బోర్డులన్నీ పైకి చదివించేవాడు. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి నత్తి పూర్తిగా పోలేదు గానీ, ఆ పిల్లకు దానంటే భయం పోయింది. కోర్టు రికార్డుల విభాగంలో ఉద్యోగం తెచ్చుకుంది.

ఉద్యోగం వచ్చిన ఆదివారం ఇంట్లో భోజనాలు పెట్టారు. చుట్టాలు, కొత్త ఆఫీసువాళ్లు కలిపి ముప్పైమంది. వంటింటి వెనక వరండాలో భార్య తమ్ముడితో కలిసి మాస్టారు మూడు గ్లాసులు వేశాడు. ఒళ్లంతా తేలికైంది. తానింత సరదా మనిషినని ఇన్నాళ్లూ తనకే తెలియలేదనిపించింది. హాల్లోకి వచ్చేసరికి కూతురు నిలబడి అందరికీ నాలుగు మాటలు చెబుతోంది. చక్కగా చెబుతోంది. చివరికొచ్చేసరికి, "ఇదంతా మా న... న..." దగ్గర ఆగింది. అందరూ మర్యాదగా ఎదురుచూస్తున్నారు. అప్పుడు మాస్టారు చెయ్యి పైకెత్తి, "బండి స్టార్టవట్లేదు! అందరూ దిగి తొయ్యండి!" అని కేకేశాడు. వేసి ఊరుకోలేదు. చల్లబడ్డ ఇంజను తిప్పినట్టు "న్న న్న న్న న్న" అని అనుకరించి చూపించాడు.

నవ్వారు. నవ్వొచ్చేలాగే చేశాడు మరి. ఆ నవ్వు విని ఇంకోసారి చేశాడు. రెండోసారి బావమరిది ఒక్కడే నవ్వాడు. మూడోసారి ఎవరూ నవ్వలేదు, అయినా మాస్టారు ఆగలేదు. కూతురు ఆ మాట పూర్తి చెయ్యకుండానే కూర్చుంది. రోజూ పొద్దున్నే రెండు వందల మందితో ఊదించే మనిషికి, ఆ మధ్యాహ్నం ఆయన సొంత ఇంటి గుమ్మంలో ఊదించేవాడు లేకపోయాడు.

మర్నాడు కాళ్లావేళ్లా పడ్డాడు. "అది నేను కాదమ్మా, మందు," అన్నాడు. జవాబు భార్య చెప్పింది. "మందుకేం తెలుసండీ బస్సు సంగతి? అది మీ ఇద్దరి మాట. లోపల ఉన్నదే బయటికొచ్చింది." పది రోజులకు కూతురు ఆఫీసు దగ్గర వేరే ఇల్లు చూసుకుంది. తల్లీ కూతురి వెంటే వెళ్లింది. ఇదంతా జరిగి నాలుగేళ్లు.

లోపల ఉన్నదే బయటికొచ్చింది అన్న మాట ఆయన్ని పురుగులా తొలిచింది. నిజమేనా? కన్నకూతురి నత్తి చూసి ఇన్నేళ్లూ తాను లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాడా? ఏడాదికోసారి డిపోకు వచ్చి డ్రైవర్లకు జాగ్రత్తలు చెప్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆ ఏడు ఆవిడ నుదుటి మీద రెండు వేళ్లు ఆనించి చూపిస్తూ, "ఇక్కడ, ఈ ఎముక వెనకాల ఉన్న మెదడు పని 'ఆగు' అనడం. చెయ్యి లేస్తే ఆగు, నోరు జారబోతే ఆగు. మందు తల మొత్తాన్నీ మందగింపజేస్తుంది గానీ దీన్ని తొందరగా పడుకోబెడుతుంది. అప్పటికి నాలుక తిరుగుతూనే ఉంటుంది, కాళ్లు నడుస్తూనే ఉంటాయి. అందుకే మనకి హుషారుగా ఉంటుంది. 'ఇంక చాలు, నీకు ఎక్కింది' అని చెప్పాల్సింది కూడా ఇదే. ఇదే పడుకుంటే, నేను బాగానే ఉన్నాననుకోడానికి అడ్డేముంది?" అంది. డ్రైవర్లందరూ మాస్టారి వైపు తిరిగి నవ్వారు.

అందరూ వెళ్లాక మాస్టారు ఆవిడ దగ్గరికి వెళ్లాడు. "అయితే తాగినప్పుడు అనేది నిజమేనా డాక్టరమ్మా? లోపల ఉన్నదేనా?"

సంచీ సర్దుకుంటున్నావిడ ఆగింది. "లోపలికి ఏవేవో వస్తుంటాయండీ. చావింట్లో కూర్చున్నా నవ్వొచ్చే మాట ఒకటి తలలో తిరుగుతుంది. అందరికీ అంతే. వాటిల్లో ఏది బయటికి పంపాలో చూసుకునేది కూడా మీరే కదా. ఆ మనిషి లేనప్పుడు మాట్లాడింది పూర్తిగా మీరని నేననను." ఆయన మొహం తేటపడబోయింది. ఆవిడ అంతటితో వదల్లేదు. "కానీ ఆ మనిషిని పడుకోబెట్టింది మీరేగా."

ఆ మాటతో మాస్టారు మందు మానేసి ఉంటే నేను చెప్పడానికేం మిగిలేది కాదు. ఆయన మనుషుల్ని మానేశాడు. లోపలివాడు పడుకుంటే పడుకోనీ, దగ్గర్లో ఎవరూ లేకపోతే దెబ్బ ఎవరికి తగులుతుందని ఆయన ఆలోచన. ఎంత గొప్ప ఆలోచనో చూడండి! పిలిచినచోటికి వెళ్లడం మానేశాడు. బావమరిదిని గుమ్మం తొక్కొద్దన్నాడు. పొద్దుటి బళ్లకూ మధ్యాహ్నం బళ్లకూ తానే కూర్చుని, సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి, గడియ పెట్టి, కిటికీ రెక్కలు మూసి ఒక్కడే తాగేవాడు. పొద్దున ఊదే వేళకు సున్నా వచ్చేలా సీసా మీద ఒక గీత పెట్టుకున్నాడు. ఆ గీత దాటేవాడు కాదు.

ఇక మిగిలింది ఫోను. మొదట్లో ఒకసారి తాగి కూతురికి ఫోను చేశాడు. ఏం మాట్లాడాడో గుర్తులేదు, నలభై నిమిషాలు మాట్లాడినట్టు మాత్రం పొద్దున ఫోనులో కనిపించింది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి డ్యూటీ దిగేటప్పుడు ఫోన్ను తన బల్ల సొరుగులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి పోయేవాడు. "ఏంటి మాస్టారూ, ఫోన్ని కూడా బెంచీ ఎక్కించారా?" అనేవాడు వాచ్‌మన్. మాస్టారు నవ్వేసి ఊరుకునేవాడు. మూడేళ్ల పైన ఆ జాగ్రత్త బాగానే పనిచేసింది. ఆయన తాగి ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన్నీ ఎవరూ ఏమీ అనలేదు. తిన్నావా అని కూడా అనలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం భార్య ఫోను చేసింది. నెలకోసారి చేస్తుంది, ఏదో ఒక కాగితం ఎక్కడుందో అడగడానికి. ఈసారి కాగితం ఊసు లేదు. "దానికి బదిలీ అయింది. దూరం. ఈ సాయంత్రం రైలుకే వెళ్తోంది. నేను ఇల్లు ఖాళీ చేసి వచ్చే నెల వెళ్తాను," అంది. ఫోను పెట్టేస్తూ, "మీకు చెప్పమని అది అనలేదు. చెప్పొద్దనీ అనలేదు," అంది.

మాస్టారు ఆ చివరి మాట పట్టుకుని ఉంటే బాగుండేది. ఆయన చెవిలో మిగిలింది బదిలీ, దూరం, ఆ రెండే. ఆరింటికి అలవాటు ప్రకారం ఫోను సొరుగులో పెట్టి, తాళంచెవి వాచ్‌మన్ చేతికిచ్చి, ఇంటికెళ్లి గడియ వేసుకున్నాడు. ఆ సాయంత్రం సీసా మీద గీతను ఆయన చూడనే లేదు.

శుక్రవారం పొద్దున అయిదింటికి సొరుగు లాగితే ఫోను తెర నిండా కూతురి పేరు. ఆరు నలభై నుంచి ఏడు ఇరవై అయిదు దాకా ఆరుసార్లు చేసింది. కింద ఒక వాయిస్ మెసేజ్. ఏం చెప్పాలన్నా రాసి పంపే పిల్ల అది. గొంతు రికార్డు చెయ్యమంటే చెమటలు పట్టేవి. చెవికి ఆనించుకున్నాడు. నలభై ఏడు సెకన్లు. సగానికి పైగా స్టేషను రొద, పెట్టె చక్రాల చప్పుడు, ఎవరో దగ్గడం. మధ్యలో ఆ గొంతు. "న... న..." రైలు కూత. మళ్లీ మొదటి నుంచి. "న... న... నాన్నా. స్టేషన్లో ఉన్నా. ఏడున్నరకి రైలు. ఒ... ఒకసారి వస్తావా."

స్టేషను ఆయన ఇంటికి నడిచి పోయేంత దూరం. ఆ పిల్ల అక్కడ నిలబడి ఆరుసార్లు పిలుస్తుంటే, ఫోను ఇక్కడ సొరుగు చీకట్లో ఆరుసార్లు మోగి ఊరుకుంది. ఆయన అంత జాగ్రత్తగా వేసుకున్న తాళం చేసిన పని అది.

వేలు కూతురి పేరు మీదికి పోయింది. మాటలు గొంతు దాకా వచ్చేశాయి. తల్లీ క్షమించు, మీ అమ్మ నాకు సరిగ్గా చెప్పలేదు, ఒకరోజు ముందు చెబితే నీ సొమ్మేం పోయింది, నాలుగేళ్లు నన్ను కుక్కిన పేనులా పడి ఉండమని... దండిగా వస్తున్నాయి, తడుముకోకుండా వస్తున్నాయి. అంత సులువుగా రావడం చూసి ఆయనకే అనుమానం వేసింది. కిటికీ అవతల మొదటి బస్సు డ్రైవరు అప్పటికే నిలబడి చేతులు రుద్దుకుంటున్నాడు. మాస్టారు ఫోను పక్కన పెట్టి, నియమం ప్రకారం ముందు తాను ఊదాడు.

ముప్పై ఒకటి వచ్చింది.

మిషను తిరగేసి చూశాడు. గొట్టం మార్చి మళ్లీ ఊదాడు. ముప్పై. "నేను బాగానే ఉన్నానే," అన్నాడు పైకే. తన గొంతుతో ఆ మాట తన చెవిన పడగానే కుర్చీలో అలాగే ఉండిపోయాడు.

సున్నా రాసెయ్యొచ్చు. అడిగేవాడెవడు? రిజిస్టరు మొదటి గీత మీద ముప్పై ఒకటి రాశాడు. "నాకు సున్నా రాలేదు. మేనేజరు గారికి చెప్పి ఇంకెవరినైనా కూచోబెట్టమను," అని కిటికీలోంచి డ్రైవరుతో చెప్పి, ముద్రా తాళాలూ బల్ల మీద వదిలేసి, బయటికొచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు.

కబురు పాకడానికి ఎంతసేపు? తొమ్మిదేళ్ల కసి ఉందాయె, డ్రైవర్లు మర్యాద కాస్త పక్కనపెట్టారు. "దగ్గుమందా మాస్టారూ?" "మగ్గిన పండు తిన్నట్టున్నారు పాపం." "గీత మీద నడిచి చూపించండి, చూద్దాం." అన్నీ తల వంచుకుని విన్నాడు. చివరికి అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగాటి డ్రైవరు వచ్చి పక్కన కూలబడ్డాడు. ఆ బెంచీ మీద అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నవాడు అతనే. మాస్టారి చేతిలో ఫోను చూసి, "ఎవరికి చెయ్యాలి?" అన్నాడు.

"మా అమ్మాయికి."

"చెయ్యండి మరి. బండేమైనా నడపాలా? మాట్లాడ్డమేగా."

"ఈ నోటితోనేరా దాన్ని గుద్దింది," అన్నాడు మాస్టారు. "సున్నా రానీ."

నిచ్చెన లేచి వెళ్లి రెండు టీలు తెచ్చి ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. టీకి తగ్గదని ఇద్దరికీ తెలుసు. నీళ్లకు తగ్గదు, చన్నీళ్ల స్నానానికి తగ్గదు, గంటలు గడిస్తే తప్ప తగ్గదు. మాస్టారు గంటకోసారి లేచి, కిటికీకి ఇవతలివైపు నిలబడి, కొత్తగా కూర్చున్న గుమాస్తా పట్టిన గొట్టంలో ఊది వచ్చాడు. ఆరుంబావుకి పదిహేడు. ఏడుంబావుకి నాలుగు. ఈలోగా ఇందాక గొంతు దాకా వచ్చిన మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ముందు, మీ అమ్మ సరిగ్గా చెప్పలేదన్నది పోయింది. తరవాత, ముందు రోజే చెప్పొచ్చు కదా అన్నది పోయింది. అది మందమ్మా, నేను కాదన్నది చాలాసేపు పీక పట్టుకుని వేలాడింది. ఏడూ నలభై అయిదుకి సున్నా వచ్చేసరికి అదీ లేదు. అప్పుడు ఫోను చేశాడు.

మూడో రింగుకి ఎత్తింది. రైలు దిగిపోయినట్టుంది, చుట్టూ చప్పుడు లేదు.

"అమ్మా, నిన్న నువ్వు చేసినప్పుడు ఫోను డిపో సొరుగులో ఉంది. నేను ఇంట్లో తాగుతున్నాను. తాగి నిన్ను ఏమైనా అంటానేమోనని రోజూ ఫోను ఇక్కడే వదిలేసి పోతాను. పొద్దున అయిదింటికి నీ గొంతు విన్నాను. అప్పటికింకా మందు దిగలేదు. సున్నా వచ్చేదాకా కూచుని ఇప్పుడు చేస్తున్నాను." గుక్క తిప్పుకున్నాడు. "ఆ రోజు నిన్ను అంది నేనేనమ్మా."

అప్పుడు కూతురు మాట్లాడింది. కోపంలో ఆ పిల్లకు నత్తి ఉండదు.

"ఫోను వదిలేశావు. మందు వదల్లేదు."

"లేదమ్మా."

"నేను పొద్దున చెయ్యను. చేస్తే సాయంత్రమే చేస్తాను. ఏ రోజు చేస్తానో చెప్పను." పెట్టేసింది.

మాస్టారికి విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సును నడిరోడ్డు మీద ఆపి ఊదించే తనిఖీవాళ్లు ముందు కబురు పెట్టి రారు. ఆయన కూతురే మరి.

మేనేజరు వారం రోజులు డ్యూటీ నుంచి ఆపాడు. మాస్టారు ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. ఇన్నేళ్ల అలవాటు ఒక్కసారిగా ఎవరికీ చెప్పకుండా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుందని ఆవిడ మందులిచ్చి, రోజూ వచ్చి కనిపించమంది. చేతులు వణికాయి, దుప్పటి తడిసేలా చెమటలు పట్టాయి. అవి తగ్గాక అసలు కష్టం మొదలైంది. ఫోను ఇంటికి రావడం మొదలుపెట్టింది. సీసా ఉండే చోట దాన్ని పెట్టుకుని ఆరింటి నుంచి ఎదురుగా కూర్చునేవాడు. తాగినన్నాళ్లూ ఆ గదిలో తాను ఒక్కడినని ఆయనకు అంతగా తెలిసేది కాదు. ఇప్పుడు పైవాళ్లు కుర్చీ జరిపితే వినిపిస్తోంది. పక్కింట్లో ఎవరో ఎవరినో అన్నానికి పిలిస్తే వినిపిస్తోంది. మంచం అవతలి సగం ఎంత వెడల్పో ఇప్పుడే చూశాడు. ఇంత ఒంటరితనం ఇన్నాళ్లూ ఇక్కడే ఉందా అని భయమేసింది.

మొదటి వారం ఫోను మోగలేదు. రెండో వారం ఒకసారి మోగితే ఎగిరి పడ్డాడు. నిచ్చెన. "ఏం లేదు మాస్టారూ, ఊరికే." మూడో వారం ఒక సాయంత్రం చొక్కా తొడుక్కుని వీధి చివరి మందు దుకాణం దాకా నడిచాడు. నాలుగేళ్లు చెయ్యనిది ఇవాళే చేస్తుందా, చేసినా ఒక్క గ్లాసుకి గొంతు ఏం మారుతుంది, అనుకుంటూ నడిచాడు. మెట్టు మీద కాలు పెట్టాక జేబులో ఫోను బరువు తెలిసింది. అక్కడే నిలబడిపోయాడు. వెనకవాళ్లు విసుక్కుంటూ పక్కనుంచి లోపలికి పోయారు. ఫోను మోగలేదు. మోగకపోయినా వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి తలుపు మూసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నలభై రెండో సాయంత్రం, ఏడూ పదికి మోగింది. తెర మీద కూతురి పేరు. ఎత్తాడు.

"న..." అంది. ఆగింది. "న... న..."

ఆ మాట ఏమిటో ఆయనకు తెలుసు. అందించెయ్యడానికి నాలుక చివర సిద్ధంగా ఉంది. దాని వెనకే ఆ పాడు ఇంజను చప్పుడు కూడా వచ్చి నిలబడింది. వస్తాయని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. మాస్టారు రెండో చెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకుని, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. తొందరేం లేదు. పక్కింట్లో పంపు కట్టేశారు, పైవాళ్లు కుర్చీ జరిపారు. ఆయన ఆగాడు.

"న... నాన్నా," అంది కూతురు. "తిన్నావా?"